చప్పుడు మారిన ఫ్యాన్

మంగళవారం, రాత్రి పదిన్నర

మూడు రోజులుగా కంప్యూటర్ ఫ్యాన్ గరగరమంటోంది. మూత తీసి బొగ్గు దుమ్మంతా తుడిచినా తగ్గలేదు. మా స్కూలు పిల్లల పరీక్ష పేపరు అందులోనే ఉంది, ఇంకెక్కడా దాచలేదు.

సాయంత్రం టైప్ చేస్తుంటే ఆ గరగర కాస్తా సన్నటి కీచుమోతగా మారింది. మామ లేచి వచ్చి, గనిలో పైకప్పు గట్టిగా ఉందో లేదో చూసినట్టే, చేతికర్రతో డబ్బాను మెల్లగా తట్టి చెవి పెట్టారు. ముప్పై ఏళ్లు ఆ పనే చేసిన మనిషి.

"చప్పుడు మారింది బిడ్డా. బంద్ చెయ్యి. గిట్ల ఇనొస్తే మేం పని ఆడ్నే ఇడిసిపెట్టి బయటికొస్తుంటిమి."

"ఒక్క పేజీ ఉంది మామా."

"అందరు గట్లనే అంటరు. ఇంకొక్క టబ్బు బొగ్గు నింపి వస్తమంటరు."

మామ వాకిట్లోకి వెళ్లగానే మళ్లీ మొదలుపెట్టాను. పది నిమిషాలకు ఫ్యాన్ ఆగిపోయింది, తెర నల్లబడింది. పేపరు ఉందో పోయిందో రేపు తెలుస్తుంది.

గనిలో రెండో షిఫ్టుకు వెళ్లిన మా ఆయన ఇంకా రాలేదు. కింద చప్పుడు మారితే వెంటనే బయటికి వచ్చేస్తాడా? లేక నాలాగే, ఇంకొక్క టబ్బు అని...