మిల్లు బియ్యం పథ్యం

అనకాపల్లి,
9-11-1941

చిరంజీవి సౌభాగ్యవతి లూర్దు మేరీకి నాన్న ఆదం దీవించి రాసేది. దేవుని దయవల్ల ఇక్కడ అందరం తిరుగుతూనే ఉన్నాం. నేను మాత్రం మూడు వారాల నుంచే మళ్లీ తిరుగుతున్నాను.

విజయనగరం నుంచి అల్లుడు ఆనందకుమార్ రాసిన ఉత్తరం అందింది. నెలలోపే నీకు కాన్పనీ, ఈసారి బిడ్డకు నీ పాలు పట్టనివ్వనని మీ అత్తగారు అప్పుడే డబ్బాపాలు తెప్పించారనీ రాశాడు. ఆ సంగతికి వస్తాను. ముందు నా కాళ్ల కథ విను.

వేసవిలో కాళ్లు తిమ్మిరెక్కి వాచాయి. మిల్లులో ఇంజను దగ్గర గంటసేపు నిలబడలేకపోయేవాణ్ణి. ఒక వైద్యుడు ఉప్పు మానమన్నాడు. ఇంకొకాయన పప్పూ ఆకుకూరా మానమన్నాడు. మూడో ఆయన సగ్గుబియ్యం జావ, కాస్త తెల్లన్నం తప్ప ఏదీ ముట్టొద్దన్నాడు. పథ్యమంటే నాకెంత భక్తో నీకు తెలుసు. ఒక్కొక్కటే మానుతూ చివరికి నడక కూడా మానేశాను.

అప్పుడు దేముడమ్మ చూడవచ్చింది. మిల్లు రాకముందు మన వీధికంతా ధాన్యం దంపింది ఆవిడే. నా కంచంలో అన్నం చూసి, “ఏటి బాబూ, తవుడంతా గేదెలకెట్టేత్తన్నారు. అవి బలిసేయి, నువ్వు ఉబ్బిపోనావు” అంది. నాకు ఒళ్లు మండింది. ఆ తెల్లటి బియ్యమే కదా నా ఉద్యోగం, నా గొప్ప. మీ అమ్మ మాత్రం నన్ను అడక్కుండానే ఆవిడ చేత ధాన్యం దంపించింది. గంజి వార్చకుండా దంపుడు బియ్యం అన్నం, పొట్టు తీయని పెసలు, తోటకూర, పొద్దున్నే చోడి అంబలి. గొణుక్కుంటూనే తిన్నాను. రెండో వారానికి కాళ్లకు చెప్పులు పట్టాయి. నిన్న కశింకోట దాకా నడిచి వచ్చాను.

అందుకని చెబుతున్నాను. బాలింత పథ్యమని ఎవరేం చెప్పినా తల ఊపకు. పండినది పండినట్టే తిను, అన్నీ తిను. దంపుడు బియ్యం, పెసలు, చోళ్లు రైల్లో పంపుతున్నాను.

ఇట్లు,
నీ నాన్న ఆదం

తా.క.: నీ తొలి బిడ్డ మూడో నెలలో పోయినప్పుడు మీ అత్తగారు నీ పాలు విషమన్నారు. నువ్వూ నమ్మావు. ఆ రోజు డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి, తల్లి తినే తిండిలో సత్తువ లేకే బిడ్డ గుండె నిలవలేదని చెప్పింది. పురిటికి మనింటికొచ్చిన నీకు మూడు నెలలు మిల్లు బియ్యం అన్నమూ కారప్పొడీ తప్ప పెట్టనివ్వనిది నేను. తోటకూర తినాలని ఉందని నువ్వడిగితే కసిరింది నేను. డాక్టరమ్మ మాట నమ్మితే నా మనవణ్ణి నేనే చంపుకున్నట్టవుతుందని నమ్మలేదు. ఎవరికీ చెప్పొద్దని ఆవిణ్ణి బతిమాలాను కూడా. నా కాళ్లు బాగయ్యాక ఇక నమ్మక తప్పలేదు. నాలుగేళ్లు ఆ నింద నీ మీద ఉండనిచ్చాను. నన్ను క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లడం లేదు. పుట్టబోయే బిడ్డకు నువ్వే పాలివ్వమ్మా. ఈ ముక్క మీ అత్తగారికి పైకి చదివి వినిపించు.