తొమ్మిది పాటలు, మధ్యలో మా ఆయన

ఏప్రిల్ 28

ఆల్బమ్ అయిపోయింది. తొమ్మిది పాటలు. పేరు 'నీలం తర్వాత'. నీలం తర్వాత ఏమిటని చెల్లి అడిగింది. వింటే తెలుస్తుందన్నాను. నిజానికి నాకూ తెలియదు. పేరు పెట్టిన రోజు తెలిసినట్టే ఉండింది.

చెల్లే నా మేనేజర్. కాబట్టి నన్ను రెండు రకాలుగా విసిగించే హక్కు దానికుంది. ఇది కూడా తేలిపోతే కంపెనీ వాళ్ళు ఇంకో ఆల్బమ్ చేయించరని ఇవాళ మేనేజర్ హోదాలో చెప్పింది. పోనీలే అక్కా, సబ్బుల యాడ్స్‌కి పాడుకోవచ్చని చెల్లెలి హోదాలో ఓదార్చింది.

పోయిన ఆల్బమ్ మీద ఒక క్రిటిక్ రాసిన మాటలు నాకిప్పటికీ కంఠతా వచ్చు. ఈమె గొంతు ఇస్త్రీ చేసిన చొక్కా, మడత లేదు, మరక లేదు, లోపల మనిషి లేదు అని రాశాడు. అప్పటినుంచి మా ఇంట్లో అతని పేరు ఇస్త్రీ. ఆ చొక్కా మాట పట్టుకుని మిగతా వాళ్ళూ తలా ఒక చేయి వేశారు. నాలుగేళ్ళు నన్నెవరూ పిలవలేదు. ఈసారి నా పాట విని ఇస్త్రీ నోరు మూయాలి. అంతకు మించి నాకే కోరికా లేదు. అవార్డ్ ఇస్తే కాదనను.

ఏప్రిల్ 30

మా ఇంజనీర్ ఇవాళ పాటల తలలు కత్తిరించడం మొదలుపెట్టాడు. అంటే పాట మొదలయ్యే ముందు రికార్డయిపోయిన దగ్గులు, కుర్చీ కిర్రుమనడాలు, నా మాటలు తీసేయడం.

నా మాటలే ఎక్కువ. మిగతా సింగర్లు పాడే ముందు సరిగమలతో గొంతు వేడి చేసుకుంటారు. నాకు సరిగమలతో పని జరగదు. మా ఆయనకి ఫోన్ చేసి కాసేపు తిడితే గొంతు తెరుచుకుంటుంది. పెళ్ళయిన కొత్తలో అనుకోకుండా కనిపెట్టాను, ఇక వదల్లేదు. మైక్ ముందు నిలబడి, ఒక చెవికి హెడ్‌ఫోన్, ఇంకో చెవికి ఫోన్ పెట్టుకుని మొదలుపెడతాను. ఇంజనీర్ ఆ తిట్లతోనే మైక్ లెవెల్ చూసుకుంటాడు. తడి టవల్ మంచం మీద పడేసిన విషయం దగ్గర మంద్రం బాగా తెలుస్తుందట, గీజర్ ఆపని విషయం దగ్గర పైస్థాయి దొరుకుతుందట.

ఆయనకి కళ్ళద్దాల షాపు ఉంది. పొద్దస్తమానం వచ్చినవాళ్ళ కళ్ళ ముందు అద్దాలు మారుస్తూ ఇది బాగుందా, ఇది బాగుందా అని అడుగుతుంటారు. అలా అడిగి అడిగి అలిసిపోతారో ఏమో, ఇంటికొచ్చాక ఏది బాగుందని ఎవరడిగినా రెండూ బాగున్నాయంటారు. అలాంటి మనిషిని తిట్టడం చాలా హాయి. ఎదురు చెప్పరు. కనీసం ఊఁ కొట్టరు.

మే 3

ఇంజనీర్‌కి పన్ను నొప్పి, రాలేదు. క్రిటిక్స్‌కి పాటలు పంపాల్సిన రోజు ఇవాళే. చెల్లి స్వయంగా స్టూడియోకి వెళ్ళి, అతని కంప్యూటర్ లోంచి తీసి అందరికీ పంపేసింది. ఎంత పనిమంతురాలో ఫోన్ చేసి మరీ చెప్పుకుంది.

మే 8

ఎవరూ ఏమీ రాయలేదు. గోళ్ళు అయిపోయాయి.

మే 11, పొద్దున

వచ్చింది! మొదటి రివ్యూ!

అద్భుతం అని రాశారు. తెగువ అని రాశారు. మాటకీ పాటకీ మధ్య గోడ కూల్చేసిందట. నేను ఏ గోడా కూల్చినట్టు గుర్తులేదు. అయినా కూల్చావంటే వద్దంటామా? షాపుకి ఫోన్ చేసి ఆయనకి మొత్తం చదివి వినిపించాను. బాగుందన్నారు. ఆయనకన్నీ బాగుంటాయి.

మే 11, మధ్యాహ్నం

రెండోది వచ్చింది. ఇందులోనూ మెచ్చుకున్నారు. కానీ మధ్యలో నా పాటలోని గొప్ప వాక్యం అంటూ ఒకటి కోట్ చేశారు.

"ఆ చెవులు కళ్ళద్దాలు తగిలించుకోవడానికేనా?"

అది ఏ పాటలోనూ లేదు. అది మార్చిలో, ఆరో పాటకి ముందు, గీజర్ ఆపమని మూడుసార్లు చెప్పినా వినని మా ఆయన్ని నేనన్న మాట.

మే 11, సాయంత్రం

విషయం ఇది. ఇంజనీర్ కంప్యూటర్‌లో రెండు ఫోల్డర్లున్నాయి. తలలు కత్తిరించినవి ఒకదాంట్లో, కత్తిరించనివి ఇంకోదాంట్లో. మా చెల్లి కత్తిరించనివి పంపింది. పంపే ముందు ఒక్కసారైనా వినలేదా తల్లీ అంటే, నాలుగు నెలలుగా వింటూనే ఉన్నానుగా, మళ్ళీ వినే ఓపిక ఎవరికుందంది. నా సొంత చెల్లెలు. నా మేనేజరు.

అంటే దేశంలో ఉన్న క్రిటిక్స్ అందరూ నా తొమ్మిది పాటల ముందూ తొమ్మిది తిట్ల దండకాలు విన్నారన్నమాట. తడి టవల్ విన్నారు. ఖాళీ చేసిన నీళ్ళ సీసా తిరిగి ఫ్రిజ్‌లో పెట్టిన సంగతి విన్నారు. ఉన్న గొడుగు ఉండగా అదే రంగులో ఇంకోటి కొన్న సంగతి విన్నారు. వాటిని వాళ్ళు 'వచన భాగాలు' అంటున్నారు. ఒకాయన అయితే గొడుగు ఒంటరితనానికి ప్రతీక అన్నాడు. అది గొడుగు బాబూ, మా గుమ్మంలో ఉంది, వచ్చి చూసుకో.

అందరికన్నా ఆఖర్న ఇస్త్రీ రాశాడు. చొక్కాలో మనిషి దొరికింది, ఈ ఏడాది ఇంత నిజమైన గొంతు నేను వినలేదు అని మొదలుపెట్టాడు. చదువుతుంటే కళ్ళు చెమ్మగిల్లాయి. తర్వాతి వాక్యం: పాటలే మధ్యమధ్యలో యాడ్స్ లాగా అడ్డం వస్తున్నాయి.

మే 12

ఆయనకి ఎలా చెప్పాలా అని పొద్దున్నుంచీ ఇల్లంతా పచార్లు చేస్తున్నాను. వీధిలో తలెత్తుకు తిరిగే మనిషి. ఇన్నేళ్ళూ నాలుగు గోడల మధ్య పడ్డ మాటలు ఇప్పుడు రివ్యూల్లో ఊరంతా చదివింది. ఇంటికి రాగానే ఏడుపు మొహంతో మొత్తం చెప్పాను.

ఆయనకి నిన్ననే తెలిసిందట. షాపుకి వచ్చిన ఒకామె, కళ్ళకేమీ లేకపోయినా, ఆ చెవులు చూసి పోదామని వచ్చిందట. రివ్యూలన్నీ చదివారట. ఒకదాంట్లో 'అవతలి మనిషి మౌనం ఈ ఆల్బమ్‌లో అన్నిటికన్నా గొప్ప వాయిద్యం' అని ఉంది. అది కత్తిరించి కళ్ళద్దాల డబ్బాలో దాచుకున్నారు. కోపం వచ్చిందా అనడిగాను. లేదన్నారు. బాధ కలిగిందా అంటే, ఆల్బమ్ అట్ట మీద వాయిద్యాల వాళ్ళ పేర్లు వేస్తారు కదా, మరి తన పేరు డ్రమ్స్ వాయించినాయన పేరుకి పైన వేస్తారా, కింద వేస్తారా అనడిగారు.

ఈ మనిషి గురించా నేను కుమిలిపోయింది.

మే 14

కంపెనీలో మీటింగ్. తిట్లతోనే రిలీజ్ చేద్దామన్నారు. పైగా పదో తిట్టు కూడా ఒకటి బోనస్‌గా రికార్డ్ చేసివ్వమన్నారు. పాటలు కొంచెం కురచ చేస్తే తిట్లకి చోటొస్తుందని ఒక కుర్రాఫీసర్ సలహా. వంతెన పాట బాగా సాగుతోందట, దాంట్లోంచి ఒక చరణం తీసేస్తే సరిపోతుందట. వంతెన పాట! ఏడాది పట్టింది నాకది. ఆఖర్న పైకి ఎక్కే ఆ ఒక్క లైన్ కోసం మూడు వారాలు పాడాను.

నేను ఒప్పుకోనన్నాను. చెల్లి బల్ల కింద కాలు తొక్కింది. సరే, మా ఆయన ఒప్పుకుంటేనే అన్నాను. ఆయన అడ్డం తిరుగుతారని నా నమ్మకం. పెళ్ళయినప్పటినుంచి ఇంతవరకు దేనికీ అడ్డం తిరగని మనిషి మీద ఏం చూసుకుని ఆ నమ్మకం పెట్టుకున్నానో నాకే తెలియదు. చెల్లి అక్కడికక్కడే బావకి ఫోన్ చేసింది. మీ ఇష్టం అమ్మా అన్నారట.

చరణం మాత్రం తీయనివ్వలేదు. అదొక్కటే నా విజయం.

మే 19

రిలీజ్ అయింది. అందరూ మెచ్చుకుంటున్నారు. ఒక్కరూ ఒక్క పాట పేరు ఎత్తడం లేదు. మెట్ల మీద పక్కింటావిడ ఎదురై, మీ ఆల్బమ్ విన్నాను, రెండో తిట్టు కన్నా నాలుగోది బాగా వచ్చిందని చెప్పి వెళ్ళింది.

మే 22

29న స్టేజ్ షో. ఇవాళ రిహార్సల్. అలవాటుగా ఆయనకి ఫోన్ చేసి, టవల్ మళ్ళీ మంచం మీదే ఉందన్నాను. వెంటనే క్షమించమన్నారు. ఎంత స్పష్టంగా అన్నారంటే, రేడియోలో వార్తలు చదివేవాళ్ళు కూడా అంత స్పష్టంగా చదవరు. ఇక్కడ రికార్డవుతుందేమోనని జాగ్రత్త పడుతున్నారు. నాదీ అదే గతి. తిట్టబోయి, ఈ మాట బాగుంటుందా, ఇంతకన్నా మంచిది ఉందా అని వెతుక్కుంటున్నాను. వెతుక్కుంటూ తిడితే అది తిట్టా?

గొంతు తెరుచుకోలేదు. ఇంజనీర్ అద్దం అవతల నుంచి లెవెల్ రావడం లేదన్నాడు. సరిగమలు ప్రయత్నించాను. పిల్లి కూనలా వచ్చింది.

మే 25

టవల్ దండెం మీద ఉంది. గీజర్ ఆపి ఉంది. ఫ్రిజ్‌లో ప్రతి సీసా నిండా నీళ్ళు. ఇల్లు ప్రశాంతంగా ఉంది. భరించలేకపోతున్నాను.

మే 29, సాయంత్రం నాలుగు

గ్రీన్‌రూమ్. షో ఆరింటికి. గొంతు లేదు. బయట క్యూలో సగం మంది చెవుల వాక్యం అచ్చేసిన టీషర్టులు వేసుకున్నారట. ఇస్త్రీ మొదటి వరసలో కూర్చుంటాడట. చెల్లి వేడినీళ్ళు మూడోసారి పట్టుకొచ్చింది. గొంతు రాకపోతే తిట్లతోనే నడిపించెయ్యి అక్కా, జనానికి కావాల్సింది అవేగా అంది. దాని మీద అరవబోయాను. గాలి మాత్రమే వచ్చింది.

నేను సింగర్‌ని. ఈ ఒక్క సాయంత్రం పాడలేకపోతే ఇక ఎప్పటికీ తిట్ల మనిషినే.

మే 30

నిన్న రాయలేకపోయాను. అంతా ఇప్పుడు రాస్తాను.

ఆయన్ని పిలిపించాను. నాకు కోపం తెప్పించండి, దండం పెడతాను అన్నాను. ఆయన అటూ ఇటూ చూసి, నా తువ్వాలు నీళ్ళలో ముంచి కుర్చీ మీద పడేశారు. పడేసి నా మొహంలోకి చూస్తున్నారు, పరీక్ష రాసిన పిల్లాడు రిజల్ట్ కోసం చూసినట్టు. నవ్వొచ్చింది. ఇంకేమైనా చెయ్యండన్నాను. కుర్చీలో కూర్చున్నారు. తువ్వాలు సంగతి మర్చిపోయి దాని మీదే కూర్చున్నారు.

అప్పుడన్నారు, అడిగావు గనక చెబుతున్నాను, వంతెన పాట ఆఖర్న నువ్వు పైకి ఎక్కుతావు చూడు, అది నాకు నచ్చలేదు, అది పాట కాదు, అరుపు అని.

నా చెవులు నేనే నమ్మలేదు. రెండూ బాగున్నాయనే మనిషి! ఏడాది కష్టపడ్డ పాట! మీకేం తెలుసన్నాను. ఒకసారి జ్వరంతో పాడావు, ఎక్కే ఓపిక లేక ఆ లైన్ కిందే వదిలేశావు, అదే బాగుంది, దాన్ని పారేసి అరుపు ఉంచుకున్నారన్నారు. అది ఆల్బమ్‌లో లేదు కదా, మీరెప్పుడు విన్నారన్నాను.

ఫోన్‌లో అన్నారు.

తిట్టడం అయిపోయాక నేను ఫోన్ కట్ చేయనట. అలాగే స్టాండ్ మీద పడేసి పాడటం మొదలుపెడతానట. ఆయన షాపులో ఫోన్ అద్దాల డబ్బాకి ఆనించి పెట్టుకుని, పాట అయ్యేదాకా వింటారట. ఈ ఆల్బమ్ ఒక్కటే కాదు, అన్నీ. పెళ్ళయినప్పటినుంచి. షాపులో ఎవరైనా ఉంటే ఒక్క నిమిషం ఆగమని చేత్తో సైగ చేస్తారట.

ఆయన లేచి, ప్యాంటు తడిసిందని చూసుకుని, గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగారు. ఆ పేపర్ల వాళ్ళకేం తెలుసు, తిట్ల మధ్యలో పాటలొస్తున్నాయట! ఇన్నేళ్ళు ఫోన్ పెట్టేయకుండా నేను తిట్లెందుకు తిన్నాననుకున్నావు, తర్వాత పాటొస్తుందనే కదా అన్నారు.

అప్పుడొచ్చింది కోపం. అరికాలి నుంచి వచ్చింది. ఇన్నేళ్ళలో ఒక్కసారి, ఒక్కసారి, బాగా పాడావని ఆ నోటితో అనడానికేం వచ్చింది మీకు? ఆ ముక్క కోసం ఊళ్ళో ప్రతి అడ్డమైన వాడి రాతా చదువుకుంటూ గోళ్ళు కొరుక్కుని చచ్చాను కదా! ఇంకా చాలా అన్నాను. ఏడుస్తూ అన్నాను. ఏ మాట బాగుంటుందని వెతుక్కోలేదు. కారిడార్ చివరనుంచి ఇంజనీర్ పరుగెత్తుకొచ్చి, లెవెల్ వచ్చింది మేడమ్, వచ్చేయండన్నాడు.

పాడాను. తొమ్మిదీ పాడాను. తిట్టు, తిట్టు అని జనం అరిచారు, వినిపించుకోలేదు. వంతెన పాట ఆఖరి లైన్ దగ్గర పైకి ఎక్కలేదు. కిందే వదిలేశాను. హాల్లో ఎవరేమనుకున్నారో చూడలేదు. ఆయన స్టేజ్ పక్కన కర్టెన్ దగ్గర నిలబడి ఉన్నారు, ఆయన్నొక్కరినే చూశాను.

జూన్ 1

ఇస్త్రీ రాశాడు. షో నిండా ఉత్త పాటలేనట, చాలా నిరాశపడ్డాడట. సగంలో చదవడం ఆపేశాను. షాపు నుంచి ఫోన్ వచ్చింది. హలో అనే లోపే ఆయన తిట్టడం మొదలుపెట్టారు. దువ్వెన కనిపించలేదట, నేనే ఎక్కడో పెట్టానట. తిట్టడం ఆయనకి అస్సలు రాదు. రెండు ముక్కలకే ఆగిపోయారు. ఆగిపోయి, ఫోన్ పెట్టేయలేదు.

వంటింట్లో నిలబడి పాట మొత్తం పాడాను.