లైన్లో ఉండండి

సెప్టెంబర్ 2, సోమవారం

ట్రైనింగ్ అయిపోయింది. ఇవాళ నన్ను ఫోన్లు ఎత్తే ఫ్లోర్ మీదకి పంపారు. సొంత సీటు, సొంత హెడ్‌సెట్. టీవీ వెనక తగిలించుకునే స్ట్రీమింగ్ స్టిక్ అమ్మే కంపెనీ మాది. అది మొరాయిస్తే జనం ఫోన్ చేసేది మాకే.

టీమ్ లీడర్ మేడం మళ్ళీ మళ్ళీ చెప్పేది ఒకటే. మనంతట మనం ఎవరికీ ఫోన్ చెయ్యం, కోడ్ అడగం, ఆక్టివేషన్‌కి డబ్బు తీసుకోం. ఎవడైనా అడిగాడంటే వాడు దొంగ. నిద్రలో లేపి అడిగినా ఇది చెప్పాలట.

మా ఇంట్లో బడి చదువు పూర్తి చేసింది నేనే మొదలు. కూర్చుని చేసే ఉద్యోగం కూడా నాదే మొదలు. కూర్చోబెట్టి మరీ జీతమిస్తున్నారా, వాళ్ళకేం పోయేకాలం అంది అమ్మ. నాన్న నా ఐడీ కార్డుని ఫోటో తీసుకుని, ఎవరింటికి రంగులు వేశాడో వాళ్ళందరికీ పంపాడు. వద్దన్నా వినలేదు.

సెప్టెంబర్ 5, గురువారం

స్టాఫ్ రేటుకి ఒక స్టిక్ కొని ఇంట్లో పెట్టాను. పోయిన నెల పరంజా మీంచి పడ్డప్పటి నుంచి నాన్న కాలు కట్టులోనే ఉంది. పొద్దస్తమానం గోడ చూస్తూ కూర్చోలేడు పాపం. అకౌంట్ నా ఈమెయిల్ మీద, నాన్న ఫోన్ నంబర్ మీద తెరిచాను. కార్డు నాది. నాన్న కూడబలుక్కుని చదువుతాడు కాబట్టి మైక్‌లో మాట్లాడి వెతకడం నేర్పాను.

ఇళ్ళకి రంగులేసే వీడియోలు పెట్టుకుని వాళ్ళని తిడుతున్నాడు. ప్రైమర్ కొట్టకుండా రంగేస్తావట్రా, నీ మొహం మండా అని. చాలా రోజుల తర్వాత ఇల్లు ఇల్లులా ఉంది.

సెప్టెంబర్ 11, బుధవారం, సాయంత్రం 7

మధ్యాహ్నం జరిగిందే బుర్రలో తిరుగుతోంది. రాసేస్తే తగ్గుతుందేమో.

మధ్యాహ్నం క్యాంటీన్‌లో డబ్బా మూత తీస్తుంటే ఫోన్ వచ్చింది. అమ్మ నంబర్, నాన్న గొంతు. ఒక చెవిలో మీ సారు, ఇంకో చెవిలో నువ్వు అన్నాడు, మహా సంబరంగా. ఏ సారు నాన్నా అన్నాను.

టీవీలో బొమ్మ ఆగిపోయిందట. ఫోన్ మైక్‌లో మా కంపెనీ పేరు చెప్పి, పైన వచ్చిన నంబర్ నొక్కాడట. నిన్నే పిలవొచ్చు గానీ తల్లీ, అదృష్టం బావుంటే నువ్వే ఎత్తుతావేమో, ఆఫీసులో ఎలా మాట్లాడతావో ఒక్కసారి విందామనుకున్నా అన్నాడు. ఎత్తింది ఇంకెవరో. మా అమ్మాయి మీ దగ్గరే పనిచేస్తుందని నాన్నే చెప్పాడు. ఇంక వాడికేం కావాలి? అయ్యో, మేడం వాళ్ళ నాన్నగారా, మీకు చెయ్యకపోతే ఎవరికి చేస్తాం అన్నాడట. స్టాఫ్ ఇంట్లో బాక్స్ రిజిస్టర్ కాకపోతే అమ్మాయి పేరు మీద రిమార్క్ పడుతుందని కూడా అన్నాడట. అంతే, నాన్న వాడు చెప్పిన యాప్ వేశాడు. ఫోన్ తెర మొత్తం వాడికి కనిపించే యాప్. వచ్చిన ఓటీపీ కూడబలుక్కుని మరీ చదివి వినిపించాడు. ఇప్పుడు కార్డు నంబర్ అడుగుతున్నాడు, కార్డు నీ దగ్గరే ఉందిగా, ఆ అంకెలేవో చెప్పమ్మా అని నాకు ఫోన్ చేశాడు.

వాడు దొంగ, పెట్టెయ్ అన్నాను. నాన్న గొంతు తగ్గించి, నెమ్మదిగా, సారు వింటాడు, బావుండదు అన్నాడు. అంత మర్యాదగా మాట్లాడే మనిషి ముఖాన ఎలా పెట్టేస్తాం అన్నాడు.

అప్పుడు అరిచాను. ఫోన్ స్విచ్ ఆఫ్ చెయ్, ఇప్పుడే, నా మీద ఒట్టు అని. నాన్న మీద నేను ఎప్పుడూ అరవలేదు. క్యాంటీన్ అంతా తిరిగి చూసింది.

డబ్బా అక్కడే వదిలేసి సీటుకి పరిగెత్తాను. మేడం వచ్చి పక్కన కూర్చుంది. అకౌంట్లో మావి కాని డివైజులు అప్పటికే దూరాయి. పాస్‌వర్డ్ మార్చి, అన్ని డివైజుల నుంచీ సైన్ అవుట్ నొక్కి, కార్డు తీసేశాను. బ్యాంకుకి ఫోన్ చేసి కార్డు బ్లాక్ చేయించాను. ఇంటికొచ్చాక సిమ్ తీసి, వైఫై ఆపి, అప్పుడు నాన్న ఫోన్ ఆన్ చేసి ఆ యాప్ పీకేశాను. మిగతా పాస్‌వర్డ్లన్నీ నా ఫోన్ నుంచి మార్చాను.

ఏమీ పోలేదు. నీ చేతులకి ఇంత వేగం ఉందని ట్రైనింగ్‌లో తెలియలేదే అంది మేడం. సంతోషించాల్సిన మాట. ఇంట్లో నాన్న అన్నం ముందు కూర్చుని, నీ ఉద్యోగానికి ఏం కాదుగా అని మాత్రం అడిగాడు. ఏం కాదన్నాను. నమ్మినట్టు లేదు.

సెప్టెంబర్ 12, గురువారం

నాన్న ఇవాళ టీవీ పెట్టలేదు.

సెప్టెంబర్ 16, సోమవారం

స్టిక్‌ని పాత గుడ్డలో చుట్టి నా బ్యాగ్ పక్కన పెట్టాడు. తిరిగిచ్చెయ్ అన్నాడు. తిరిగివ్వడం కుదరదని అబద్ధమాడాను.

టీవీ పోతే పోయింది. ఫోన్ కూడా ఎత్తడం లేదు. కాలు కట్టు విప్పాక చేయాల్సిన పనుల వాళ్ళు ఫోన్ చేస్తుంటే, మోగుతున్నంతసేపూ దాన్నే చూసి ఊరుకుంటున్నాడు. ఏ పుట్టలో ఏ పాముందో ఎవడికి తెలుసు అంటాడు. ఇలాగైతే వాళ్ళు ఇంకో మేస్త్రీని చూసుకుంటారు, నీ కోసం గోడలు ఆగుతాయా అంది అమ్మ.

పక్కింటావిడ మీ అమ్మాయి ఎక్కడ చేస్తుందని అడిగింది. ఏదో ఆఫీసులో అన్నాడు.

ఏదో ఆఫీసులో. వాడు మా నాన్న దగ్గర ఏమీ ఎత్తుకుపోలేదని రాశాను కదా. తప్పు రాశాను.

సెప్టెంబర్ 19, గురువారం

ఇవాళ ఒక పెద్దాయన ఫోన్ చేశాడు. మోసపోయాక చేశాడు. మాకు ఫోన్ చేసి కాసేపు ఆగితే, దొంగలుంటారు జాగ్రత్త అని రికార్డు చేసిన గొంతు వస్తుంది. ఇంతకుముందెప్పుడైనా మాకు చేసినప్పుడు అది విన్నారా అని అడిగాను. ఆ అమ్మాయి రైలొస్తోందన్నట్టు చెబుతుందమ్మా, రైలెక్కేది ఉంటే కదా వినడానికి అన్నాడు. మేడంకి చెప్పాను. నవ్వలేదు. రాసుకుంది.

సెప్టెంబర్ 22, ఆదివారం

పుట్టీ బాబాయ్ వచ్చాడు. నాన్నతో కలిసి గోడలకి పుట్టీ పెడతాడు కాబట్టి ఆ పేరు. అసలు పేరు వాళ్ళావిడ కూడా వాడదు. నాన్న కోసమని అరటిపళ్ళు తెచ్చి తనే తింటూ కూర్చున్నాడు.

మాటల మధ్యలో చెప్పాడు. వాళ్ళింట్లోనూ మా కంపెనీ స్టిక్కే. టీవీ మీద అకౌంట్ ఆగిపోయింది, ఈ నంబర్‌కి ఫోన్ చెయ్యండి అని వచ్చిందట. చేశాడట. సారు ఎంత మంచివాడో అన్నా, సాయంత్రం తనే మళ్ళీ చేస్తానన్నాడు, ఆక్టివేషన్ డబ్బు సిద్ధంగా ఉంచుకోమన్నాడు అన్నాడు.

నేను గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాను. నేను నోరు విప్పితే నాన్న సంగతి కూడా బయటపడుతుంది. పుట్టీ బాబాయ్ చెవిన పడితే ఇంక పని జరిగే ప్రతి సైట్లోనూ పడ్డట్టే. నాన్న నా వంక చూసి, వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. మరి బాబాయ్ గతేమిటి? నాన్న వద్దన్నా సరే చెప్పేద్దామని లోపలికి అడుగు పెట్టాను.

ఒరేయ్, ఆ సారు నాకూ తెలుసురా అన్నాడు నాన్న.

బాబాయ్ మొహం వెలిగింది. అవునులే, మీ అమ్మాయి ఆఫీసే కదా అన్నాడు. మా అమ్మాయి ఆఫీసని చెప్పే నన్ను బుట్టలో వేశాడు అన్నాడు నాన్న. అని మొత్తం చెప్పాడు. నంబర్ వెతకడం, యాప్, ఓటీపీ, కార్డు. ఏదీ దాచలేదు.

బాబాయ్ నవ్వలేక చచ్చాడు. నువ్వా అన్నా, గోడ మీద చెయ్యి పెట్టి లోపల పైపు కారుతోందని చెప్పేవాడివి, నిన్ను ఫోన్లోనే తడిపి ఆరేశాడా అన్నాడు. నాన్న చెవులు ఎర్రబడ్డాయి. నవ్వరా, నవ్వి ఆ నంబర్ తీసెయ్ అన్నాడు. వాళ్ళు ఫోన్ చెయ్యర్రా, మనమే చెయ్యాలి, అదీ డబ్బా మీద అచ్చేసిన నంబర్‌కే. టీవీ మీద వచ్చిందనీ, ఫోన్లో పైనే ఉందనీ చెయ్యకు. కోడ్ అడిగాడా, పెట్టెయ్. మర్యాద చూడకు, నన్ను ముంచింది ఆ మర్యాదే అన్నాడు.

ఇవన్నీ నాకెవరు చెప్పారనుకున్నావ్, మా అమ్మాయి అన్నాడు. ఆ కంపెనీలో దానికి సొంత సీటుంది తెలుసా అన్నాడు.

నేను వంటింట్లోకి వెళ్ళి కడిగిన గ్లాసులే మళ్ళీ కడిగాను.

సాయంత్రం ఆ సారు నిజంగానే ఫోన్ చేశాడట. మా అన్న మిమ్మల్ని అడిగానని చెప్పమన్నాడండీ అని చెప్పి పెట్టేశాడట బాబాయ్.

సెప్టెంబర్ 25, బుధవారం

బాబాయ్‌కి నాన్న చెప్పిందంతా నిన్న మేడంకి చెప్పాను. ఇవాళ పిలిచి, మీ నాన్నగారు మన కోసం మాట్లాడతారా అంది. రైలొస్తోందన్నట్టు కాకుండా.

సెప్టెంబర్ 29, ఆదివారం

రికార్డింగ్‌కి నాన్న మంచి చొక్కా వేసుకున్నాడు. గొంతుకి చొక్కా ఎందుకయ్యా అంది అమ్మ. నీకేం తెలుసు, గొంతు నిటారుగా వస్తుంది అన్నాడు.

ప్రియమైన వినియోగదారులారా అని మొదలుపెట్టాడు. ఎవరో పోయారని చెప్పబోతున్నట్టుంది అంది అమ్మ. పోనీ నువ్వు చెప్పు అని అలిగాడు. చివరికి అమ్మే దారి చూపించింది. మొన్న పుట్టీ మేస్త్రీకి చెప్పావే, అలా చెప్పు, ఒరేయ్‌లు తీసేసి అంది. ఒక్కసారికే వచ్చేసింది.

పేరు మాత్రం వద్దన్నాడు. రంగులేసేవాణ్నంటే చాలు అన్నాడు.

అక్టోబర్ 8, మంగళవారం

పెద్దాఫీసు ఒప్పుకుంది. పొద్దున్నుంచి లైన్ మీద నాన్న గొంతే. పూర్తిగా ఇక్కడ రాసుకుంటున్నాను, నాకోసం.

నేను రంగులేసేవాణ్నండి. టీవీ ఆగిపోయిందని ఫోన్లో వెతికి, పైనొచ్చిన నంబర్‌కి చేశాను. వాడు దొంగ. మీరు సరైన చోటికే చేశారు, కంగారుపడకండి. ఇక్కడివాళ్ళు వాళ్ళంతట మీకు ఫోన్ చెయ్యరు, కోడ్ అడగరు, ఆక్టివేషన్‌కి డబ్బడగరు. ఎవరైనా అడిగితే పెట్టెయ్యండి, మర్యాద చూడకండి. లైన్లో ఉండండి, మా పిల్లలు వస్తారు.

మా పిల్లలు అనే మాట మేం రాసిచ్చింది కాదు. నాన్నే వేశాడు. పెద్దాఫీసు తీసెయ్యలేదు. మధ్యాహ్నానికల్లా ఫ్లోర్ మొత్తం ఒకళ్ళనొకళ్ళు పెయింటర్ గారి పిల్లలు అని పిలుచుకోవడం మొదలుపెట్టారు. నేను తల ఎత్తుకుని కూర్చున్నాను, అంతే.

ఇంటికెళ్ళేసరికి నాన్న ఫోన్లో ఉన్నాడు. ఎవరిదో ఇల్లు, మూడు గదులు, బయట ప్రహరీ. ప్రైమర్ లేకుండా చెయ్యనని గట్టిగా చెబుతున్నాడు.

నవంబర్ 1, శుక్రవారం

ఇవాళ ఫోన్ చేసినావిడ నాతో మాట్లాడనంది. ఆ రంగులాయన్ని పిలవమంది. నేనూ అదే చెబుతానన్నా వినలేదు.

ఆయన పనిలోకి వెళ్ళారండీ, సాయంత్రం దాకా దొరకరు అన్నాను.