ట్రాక్టర్ మీద నీ నడక

అబ్బాజాన్,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. బొగ్గుబాయిల బండ పడి కాలు నలిగినంక నువ్వు కుంటుతుంటే, నీ షిఫ్టు దోస్తు మల్లేశ్ కాక అచ్చం గట్లనే నడిచి చూపెడుతుండె. అందరికన్న ఎక్కువ నువ్వే నవ్వేటోనివి.

మొన్న కాక ఇంటికొచ్చి, ఏదో వేషానికని నీ టోపీ అడిగిండు. మా అమ్మి లోపల్నుంచి తెచ్చి ఇచ్చింది. తెల్లారి పార్టీ ర్యాలీ మన గల్లీ ముంగట్నుంచే పోయింది. ట్రాక్టర్ మీద ఒక మనిషి. దూది గడ్డం, నీ టోపీ, మెడల 'చొరబాటుదారు' అని రాసిన అట్ట. నీ లెక్కనే కుంటుతున్నడు. ఒక్క గడియ నువ్వే అనుకొని నాకు సంబురమైంది. గంతలనే జనం ఈలలేసుకుంట ఆయన మీదికి చెప్పులు ఇసిరిన్రు.

కాక టోపీని ఉతికి, ఇస్త్రీ చేసి తెచ్చిచ్చిండు. "నవ్వులాటకే బిడ్డా, ఏమనుకోకు" అన్నడు. ఆయన మొఖం ఎప్పటి లెక్కనే ఉన్నది. నాకు దానికే భయమైంది.

గా ర్యాలీ వీడియో ఇప్పుడు అందరి ఫోన్లల్ల ఉన్నది. ఇయ్యాల మేము కబరస్తాన్‌కు వస్తుంటే, చాయ్ హోటల్ కాడ ఒకడు మమ్మల్ని చూసి కుంటుకుంట నడిచిండు. అమ్మి నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది. మోకాలి నొప్పితోని ఆమె రోజూ కుంటుతది కదా. ఇయ్యాల మాత్రం నీ కబరస్తాన్ గేటు దాక పండ్లు బిగవట్టి సక్కగ నడిచింది.