ఏ గేజ్‌లో రాసినా

వదినా,

"మీ అన్నయ్య ఎలా పోయారంటే, అత్తయ్యకి కళ్లు తిరిగి పడ్డారన్నావు. నాకేమో మేడ మీద కిటికీ మూయబోయి జారారన్నావు. మనిషికో మాటేంటి?" అని నిలదీశావు.

అన్నయ్యా నేనూ ఒకే బోర్డు మీద లెక్కలు చేసినవాళ్లం. భౌతికశాస్త్రంలో ఒకే సంగతిని రకరకాలుగా రాయొచ్చు. ఎలా రాయాలన్న ఆ ఎంపికనే మేం గేజ్ అంటాం. "ఏ గేజ్‌లో రాసినా మారనిదే నిజంరా, మిగతాదంతా మనం పెట్టుకున్నదే" అనేవాడు అన్నయ్య. లెక్క సాగాలంటే మాత్రం ఏదో ఒకటి పట్టుకోక తప్పదు. మీ పాపకి ఏం చెప్పాలో నువ్వే తేల్చు, నేనూ అదే చెప్తాను.

కానీ ఎవరికి ఏం చెప్పినా, నేను మార్చలేనిది ఒకటుంది. చెప్పులు తలో మూలకీ విసిరేసే మనిషి, ఆ రోజు వాటిని గదిలో ఆ కిటికీ కింద పక్కపక్కనే సర్దిపెట్టాడు.

నీ మరిది