మడి ఉప్పు

చిరంజీవి సంహితకు,

అరసవల్లి స్వామి నిన్ను చల్లగా చూడాలి.

మెడ వాపు చూపించుకోడానికి మంగళవారం శ్రీకాకుళం వెళ్లాను. ఏ ఉప్పు వాడతారని డాక్టరమ్మ అడిగింది. ఉప్పుమడుల నుంచి తెప్పించుకునే రాళ్ళుప్పు అన్నాను. అందులో అయోడిన్ చాలదని, వాపు అందుకేనని చెప్పింది. కడుపుతో ఉన్నవాళ్లకి అది బాగా తక్కువైతే బిడ్డ లోపలే పోవచ్చట. తొమ్మిదో నెలలో పోయిన నీ బిడ్డ సంగతి అడిగాను. "ఇప్పుడు తేల్చి చెప్పలేనమ్మా, అదీ కారణం కావచ్చు" అంది.

అమ్మ లేదు గనక మూడో నెలలోనే నిన్ను నా దగ్గరికి తెచ్చుకున్నాను. అప్పటినుంచీ నా చేతి వంటే తిన్నావు. ఆశా కార్యకర్త జగ్గమ్మ ఒకరోజు ప్యాకెట్ ఉప్పు తెచ్చింది. "కడుపుతో ఉన్న పిల్లమ్మా, ఈ ఉప్పే ఎయ్యాల. మీ మడి తరవాత సూసుకోవచ్చు" అంది. మిషన్లో పడ్డ ఉప్పు నైవేద్యానికి పనికిరాదని తిప్పి పంపేశాను. మనింట్లో స్వామికి పెట్టిందే కదా అందరం తినేది. ఆ సంగతి నీకు చెప్పలేదు.

ఇప్పుడు స్వామికీ ఆ ప్యాకెట్ ఉప్పే వేసి వండుతున్నాను. స్వామి కాదనలేదు.

క్షమించమని రాయడానికి చెయ్యి రావడం లేదు, తల్లీ. బిడ్డను నిలుపుకోలేనిదానివని మీ అత్తగారు అన్నప్పుడల్లా నువ్వు తల దించుకుంటున్నావని విన్నాను. ఈ ఉత్తరం ఆవిడ ఎదుట గట్టిగా చదువు. ఆ మాటలు ఇకమీదట నన్ను అనమను.

మీ అక్క