నాలుగు బండలు

2006 మార్చి, శుక్రవారం. బేతంచెర్ల.

గిన్నెలు కడుగుతుంటే నీళ్లు వేడిగా ఉన్నాయో చల్లగా ఉన్నాయో తెలియలేదు.

సాయంత్రం నా చిన్ననాటి స్నేహితురాలు సరోజ ఇంటికి వెళ్లాను. భర్త మంగంపేట గనుల్లో పనికి పోయాడని, సెల్ కలవడం లేదని ఎనిమిది నెలలుగా చెబుతోంది. ఆయన వెళ్లిన వారంలోనే వంటింటి నేలలో నాలుగు బండలు పగిలాయని అడిగితే, మా బండల పాలిష్ ఫ్యాక్టరీ నుంచి నేనే పంపాను.

బండ కనిపిస్తే మడమతో తట్టి చూడటం మా నాన్న నేర్పిన అలవాటు. సరోజ వంటింట్లో పాత బండలు గట్టిగా పలికాయి. ఆ నాలుగూ డొల్లగా మోగాయి. లోతుగా తవ్వి పూడ్చిన మట్టి కుంగితేనే బండ అలా మోగుతుంది.

సరోజ కాఫీ గ్లాసుతో నా కాలి వైపే చూస్తోంది.

"ఏమే, అట్ల నిలబడితివి?"

"ఏం లేదు."

సరోజ భర్త వాళ్ల అన్న వచ్చి అడిగినప్పుడు, ఆయన బస్సెక్కుతుంటే కళ్లారా చూశానని చెప్పింది నేనే. సరోజ చెప్పమంది, చెప్పాను. చిన్నప్పటి నుంచి ఆమె చెప్పమన్న అబద్ధాలన్నీ చెప్పాను. ఆయన ఏ బస్సూ ఎక్కలేదు.

కాఫీ మొత్తం తాగాను.

గుమ్మం దగ్గర నా చెయ్యి పట్టుకుని జాకెట్టు చేతిని పైకి జరిపింది. మొన్న మా ఆయన కొట్టిన చోటు ఇంకా కమిలే ఉంది.

"శానా దినాల్నుంచి చూస్తాండా," అంది. "మీ ఇంట్లో గూడా బండలు మార్చల్లనుకుంటే చెప్పు. నేనొస్తా."

వద్దని అనాలి. జాకెట్టు చెయ్యి కిందికి లాక్కుని ఇంటికొచ్చాను.

మా ఆయన పక్క గదిలో గురక పెడుతున్నాడు. ఇందాక మా వంటింట్లో మడమతో తట్టి చూశాను. అన్నీ ఇంకా గట్టిగానే ఉన్నాయి.